మీ పురుడు ఎక్కడమ్మా?

2001 వానాకాలం. హౌస్‌సర్జన్సీలో నాకు గైనిక్ పోస్టింగ్. కోస్తాలో ఒక పెద్దాసుపత్రి, లేబర్ రూమ్‌లో రాత్రి డ్యూటీ. నొప్పులతో వచ్చిన ఒకమ్మాయిని వరసలో ఆఖరి మంచం మీద గోడవైపు పడుకోబెట్టారు. కేస్‌షీట్ మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టి ఉంది. ఆ సున్నాకి అర్థం హెచ్ఐవీ అని ఎవరూ నోటితో చెప్పలేదు గానీ, వార్డంతటికీ తెలుసు. పక్క మంచం పిల్ల అత్తగారు మంచాన్ని బరబరా ఇవతలికి లాక్కుంది. బిడ్డ తల కనబడుతున్నా దగ్గరికి వచ్చేవాళ్ళు లేరు. గ్లవ్స్ రెండు జతలు కావాలని ఒకరు, కళ్ళద్దాలు కావాలని ఒకరు. చివరికి ఒక పెద్దావిడ, ఆయాగా పనిచేసేది, "నువ్వు పట్టుకో తల్లీ, నేనున్నా" అంది. ఇద్దరం కలిసి కాన్పు చేశాం. మగపిల్లాడు. బొడ్డు కోసి తుడుస్తుంటే ఆ అమ్మాయి తల ఇటు తిప్పి అడిగింది: "వీడికి కూడా వచ్చేసినట్టేనామ్మా?"

నాకు జవాబు తెలియదు. ఐదేళ్ళు మెడిసిన్ చదివి ఆ ప్రశ్నకు మౌనంగా నిలబడ్డాను.

తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివితే తెలిసింది. మందు లేకపోతే, తల్లిపాలతో కలుపుకుని, తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. అంటే ఏ మందూ ఇవ్వకపోయినా సగం మందికి పైగా పిల్లలు తప్పించుకుంటారు. ఆ రాత్రి ఈ ఒక్క మాట తెలిసి ఉన్నా ఆ తల్లికి కాస్త ఊపిరి ఆడేది. 1994లోనే అమెరికాలో జైడోవుడిన్ అనే హెచ్ఐవీ మందు ఇచ్చి సోకే రేటును దాదాపు 25 శాతం నుంచి 8కి తగ్గించారు. 1999లో ఉగాండాలో ఇంకా తేలికైన పద్ధతి కనిపెట్టారు: నొప్పులు మొదలయ్యాక తల్లికి 200 మిల్లీగ్రాముల నెవిరపిన్ మాత్ర ఒక్కటి, పుట్టిన 72 గంటల్లోపు బిడ్డకు సిరప్ ఒక్క మోతాదు. చిన్న కోర్సు జైడోవుడిన్‌తో పోలిస్తే అది బిడ్డలకు సోకడాన్ని దాదాపు సగానికి తగ్గించింది. ఆ కాగితం రెండేళ్ళ ముందే అచ్చయింది. మా లేబర్ రూమ్ బీరువాలో మాత్రం ఆ మాత్ర లేదు. అచ్చయిన కాగితానికీ ఆఖరి మంచానికీ మధ్య ఉన్న దూరం ఎలా దాటాలో తెలుసుకోవడమే నా పనిగా మారింది.

ఇంట్లో వాళ్ళు గైనకాలజీ చేయమన్నారు. నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ తీసుకున్నాను. "ర్యాంకు రాలేదా?" అని చుట్టాలు అడిగారు. వచ్చింది, కావాలనే తీసుకున్నాను అంటే నమ్మలేదు. మా నాన్న మాత్రం "రోగం వచ్చాక చూసే డాక్టరుకు పేరుంటుంది, రాకుండా చూసేదానికి ఉండదు. తెలిసే పోతున్నావు గదా" అన్నాడు. తెలిసే వెళ్ళాను.

నేను ఎండీలో చేరేనాటికి ప్రభుత్వం తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని అందరం పీపీటీసీటీ అనేవాళ్ళం. గర్భిణుల్లో ఒక శాతానికి మించి పాజిటివ్ ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నెవిరపిన్ వచ్చింది. కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు. మూడు కిలోల బిడ్డ అయితే 0.6 మిల్లీలీటర్లు, అంటే దాదాపు పన్నెండు చుక్కలు. సూది లేని సన్నటి సిరంజిలోకి సిరప్ తీసి, బుడగ పోయేలా గోటితో కొట్టి, చెంప లోపలివైపు మెల్లగా వదలాలి. నాలుక మీద వదిలితే ఉమ్మేస్తారు. మొదటిసారి వదిలినప్పుడు నా చేయి వణికింది. ఆ ఆఖరి మంచం అమ్మాయికీ, ఆ బిడ్డకీ మళ్ళీ ఎక్కడైనా కనబడితే చెప్పాలనిపించింది. కనబడలేదు.

2006లో ఎండీ అయిపోయాక ఒక పరిశోధన ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం. గుంటూరు, ప్రకాశం జిల్లాల మండలాలు మా పరిధి. నరసరావుపేట, చిలకలూరిపేట వైపు ఎక్కువ తిరిగేదాన్ని. జీతం మూడు నెలలకోసారి వచ్చేది. ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: పరీక్షలో పాజిటివ్ అని తేలిన గర్భిణుల్లో ఎంతమందికి మాత్ర చేరుతోంది, ఎంతమంది బిడ్డలకు సిరప్ పడుతోంది, తర్వాత ఆ పిల్లలు ఏమవుతున్నారు?

రిజిస్టర్ తెరిస్తే మొదటి గడులన్నీ నిండి ఉండేవి. పేరు, వయసు, ఎన్నో కాన్పు, పరీక్ష తేదీ. కుడివైపుకు జరిగేకొద్దీ ఖాళీలు. కాన్పు తేదీ ఖాళీ. బిడ్డ బరువు ఖాళీ. చివరి గడిలో "ఎల్ఎఫ్‌యూ" అని మూడక్షరాలు. ఆచూకీ లేదని అర్థం. ఇచ్చిన చిరునామా పట్టుకుని వెళితే అక్కడ ఆ పేరుగలవాళ్ళే ఉండేవారు కాదు. కొందరు భయంతో తప్పు చెప్పేవారు. కొందరు నిజమే చెప్పినా తలుపుకు తాళం ఉండేది. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలైతే కోత అవగానే గుడిసెతో సహా వెళ్ళిపోయేవి. మీటింగుల్లో దీనికి "అవగాహన లోపం" అని పేరు పెట్టేవాళ్ళం. నేనూ నా రిపోర్టుల్లో రాశాను. ఇప్పుడు ఆ మాట చూస్తే బాధేస్తుంది.

అసలు సంగతి 2008లో నా ఒంటి మీదికి వచ్చాక గానీ తెలియలేదు. నాకు మొదటి కాన్పు. ఏడో నెల రాగానే అమ్మ వచ్చి ప్రొద్దుటూరు తీసుకుపోయింది. పుట్టింట్లో పురుడు, అందులో ఆలోచించేదేముంది? అక్కడ ఆసుపత్రిలో కూర్చుంటే నర్సు పాత రిపోర్టులు అడిగింది. అవి గుంటూరులో, అత్తగారింట్లో, బీరువాలో ఉన్నాయి. రక్త పరీక్షలన్నీ మళ్ళీ చేయించుకున్నాను. హెచ్ఐవీ పరీక్ష కూడా. రిపోర్టు వచ్చేదాకా ఆ బల్ల మీద కూర్చున్న అరగంట, కౌన్సెలింగ్‌లో నేను వందలమందికి చెప్పిన మాటలేవీ నాకు గుర్తు రాలేదు.

ఆ బల్ల మీదే తట్టింది. మా ఫారంలో చిరునామా గడి ఒక్కటే. అందులో మేం రాయించుకునేది మెట్టినింటి చిరునామా. నొప్పులు వచ్చే వేళకు, మాత్ర వేసుకోవాల్సిన వేళకు, ఆమె ఆ ఇంట్లోనే ఉండదు. తొలి కాన్పు అయితే దాదాపు ఉండనే ఉండదు. పక్క జిల్లాలో తల్లి దగ్గర ఉంటుంది. ఆ ఊరి ఏఎన్ఎంకు ఈమె పాజిటివ్ అని తెలియదు. బిడ్డకు మూడో నెల వచ్చేదాకా తిరిగి రాదు. 72 గంటల గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. వాళ్ళు తప్పిపోలేదు. మన ఇళ్ళలో ఆడపిల్ల ఎప్పుడు ఎక్కడ ఉంటుందో అందరికీ తెలిసిందే. ఆ తెలిసిన సంగతిని ఫారంలో పెట్టలేదు, అంతే.

చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకునే కొత్త ఫారం రాశాను. మొదటి ప్రశ్న: "మీ పురుడు ఎక్కడమ్మా?" పుట్టింటి ఊరు, మండలం, దగ్గరి ఆసుపత్రి, వెళ్ళే నెల, తిరిగి వచ్చే నెల. రెండో ప్రశ్న మా ఔట్‌రీచ్ వర్కర్ చెప్పింది. ఆమె కూడా పాజిటివే, భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. "మేం ఇంటికి ఎవరిగా రావాలో కూడా అడగండి మేడం" అంది. అడిగాం. ఒకామె చీటీల ఆవిడగా రమ్మంది, ఒకామె డ్వాక్రా సంఘం నుంచి అనమంది, చాలామంది చీరలావిడగా రమ్మన్నారు. మా వర్కర్ నిజంగానే చీరల మూట కొనుక్కుంది. ఎథిక్స్ కమిటీలో ఒక పెద్దాయన "ఇది అబద్ధం కాదా?" అని అడిగారు. ఆమె నిజంగానే చీరలు అమ్ముతుందనీ, ఏ పేరుతో రావాలో తల్లే సంతకం పెట్టి చెబుతుందనీ చూపించాను. రెండు సిట్టింగుల తర్వాత ఒప్పుకున్నారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఒక ఊరికి నేనూ వెంట వెళ్ళాను. అరుగు మీద మూట విప్పితే అత్తగారు ఒక్కో చీరా మడత విప్పి అంచు చూస్తోంది. పాలిచ్చే నెపంతో కోడలు బిడ్డను ఎత్తుకుని లోపలి గదిలోకి వచ్చింది. వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా బిడ్డకు నెలన్నర నుంచి ఇవ్వాల్సిన కోట్రైమోక్సజోల్ సీసా ఇచ్చాను. ఆమె అడిగిన మొదటి మాట మోతాదు గురించి కాదు. సీసా మీద చీటీని కాసిని నీళ్ళతో తడిపి, గోరుతో గీకి, ఉండ చేసి కొంగున ముడేసుకుంది. అప్పుడడిగింది, "రోజుకెన్ని మిల్లీలు డాక్టరమ్మా?" నేను చెప్పాను, ఆమె మూడుసార్లు తిరిగి నాకే అప్పజెప్పింది. బయట అత్తగారు వాయిదాల మీద నేత చీర బేరం చేసింది.

పాల సంగతి ఇంతకన్నా కష్టం. దక్షిణాఫ్రికాలో జరిగిన అధ్యయనాలు 1999లో ఒకటి, 2007లో ఒకటి వచ్చాయి. తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డల కంటే, తల్లిపాలతో పాటు వేరేవి కూడా పెట్టిన బిడ్డలకే ఎక్కువగా సోకుతోందని అవి చూపించాయి. పాలతో పాటు ఘనాహారం పెట్టిన చోట ముప్పు దాదాపు 11 రెట్లు. బయటి పదార్థాలతో లేత పేగు పొర దెబ్బతిని వైరస్‌కు దారి దొరుకుతుందని అనుకుంటున్నారు. డబ్బా పాలు కొనగలిగి, శుభ్రంగా కాచగలిగిన ఇల్లయితే వేరు. మా మండలాల్లో పోతపాలు పట్టిన పిల్లలు విరేచనాలతో పోయేవారు. అందుకే ఆరు నెలలు తల్లిపాలు, తల్లిపాలు మాత్రమే.

చెప్పడం తేలికే. మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే తేనె నాకిస్తారు, ఆముదం పోస్తారు, ఉగ్గు పెడతారు, గొంతు ఎండుతుందని నీళ్ళు పడతారు. వీధిలో గాడిద పాలమ్మేవాళ్ళు వస్తే ఒక ఉగ్గుగిన్నెడు పట్టిస్తారు, ఉబ్బసం రాదని. నా కూతురికి మూడో రోజు మా అవ్వ గాడిద పాలు తెప్పించింది. వద్దన్నాను. "మీ అమ్మకు పట్టినాం, నీకు పట్టినాం, ఏమయింది?" అంది. ఎండీ చదివిన నేను, సొంత పుట్టింట్లో, ఆ గిన్నె పక్కన పెట్టించడానికి ఒక పూట పోట్లాడాను. మరి అత్తగారింట్లో, జబ్బు దాచుకుని, ఎందుకు వద్దంటున్నావో కారణం చెప్పలేని కోడలు ఎలా ఆపుతుంది? అప్పటి నుంచి తల్లులకు చెప్పడం తగ్గించి అమ్మమ్మలు, నానమ్మలు అందర్నీ కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాం. జబ్బు మాటే ఎత్తకుండా, ఊళ్ళో బిడ్డలందరి కోసం: అన్నప్రాసన దాకా అమ్మ పాలే, చుక్క నీళ్ళు కూడా వద్దు. అన్నప్రాసన అనే మాట వాడాక అందరికీ లెక్క దొరికింది. ఆరు నెలలు అన్నప్పుడు ఆ లెక్క ఎవరికీ నిలవలేదు.

ఈ పనిలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటుంది. ఒక్క మోతాదు నెవిరపిన్ బిడ్డను కాపాడుతుంది గానీ తల్లి ఒంట్లో వైరస్ ఆ మందుకు మొండికేస్తుంది. 2007లో బోట్స్వానా నుంచి వచ్చిన ఫలితాలు స్పష్టంగా చెప్పాయి: ఆ మాత్ర వేసుకున్న ఆరు నెలల్లోపు నెవిరపిన్ ఉన్న చికిత్స మొదలుపెడితే అది విఫలమయ్యే అవకాశం బాగా ఎక్కువ. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఇస్తున్న హెచ్ఐవీ చికిత్స, ఏఆర్‌టీలో అప్పట్లో ప్రధానమైన మందు నెవిరపినే. బిడ్డ కోసం ఇచ్చే మాత్ర తల్లి చికిత్సను పాడుచేయొచ్చని తెలిసి కూడా ఇచ్చాను, ఎందుకంటే చేతిలో ఉన్నది అదొక్కటే. కొందరు తల్లులకు ఆ సంగతి విడమరిచి చెప్పాను. ఒక్కరు కూడా వద్దనలేదు. "బిడ్డకు పనిచేస్తే చాలు" అన్నారు. తల్లి ప్రాణాన్ని లెక్కలోంచి తీసేసే కార్యక్రమం ఎంతకాలం నడపాలని మీటింగుల్లో గట్టిగా అడిగాను. అలా అడిగినవాళ్ళు దేశంలో, బయటా చాలామందే ఉన్నారు. 2014 జనవరి నుంచి గర్భిణి పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్కతో పనిలేకుండా, మూడు మందులు కలిసిన మాత్ర రోజుకొకటి, జీవితాంతం. తల్లికి చికిత్స జరిగితే బిడ్డకూ చాలావరకు రక్షణ వస్తుంది. తొలి మాత్రల డబ్బా తల్లి చేతిలో పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఇది బిడ్డ మందు కాదమ్మా, నీ మందు అని చెప్పాను.

పరీక్షల్లోనూ మార్పు వచ్చింది. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండొచ్చు, కాబట్టి మామూలు పరీక్ష అప్పటిదాకా నమ్మడానికి లేదు. ఈలోపు సోకిన పిల్లలు చనిపోయేవారు. సోకిన పసికందులకు వెంటనే మందు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గుతాయని 2008లో దక్షిణాఫ్రికా అధ్యయనం తేల్చింది. 2010 నుంచి మన దగ్గర నెలన్నరకే డీబీఎస్, అంటే ఎండిన రక్తపు బొట్టు పరీక్ష వచ్చింది. బిడ్డ మడమ పక్కభాగంలో చిన్నగా పొడిచి, గుండ్రాలు గీసి ఉన్న మందపాటి అట్ట మీద ఒక్కో గుండ్రంలో ఒక్కో రక్తపు బొట్టు నింపాలి. బొట్టు మీద బొట్టు పడకూడదు. కార్డు ఆరాక జిప్ కవర్లో సిలికా పొట్లాలతో పెట్టి దూరపు ల్యాబ్‌కు పంపాలి. తుపాను రోజుల్లో కార్డులు ఎంతకీ ఆరేవి కావు. నెలన్నర టీకాకు వచ్చినప్పుడే ఇదీ తీసేస్తే తల్లికి ఒక ప్రయాణం, ఒక రోజు కూలీ మిగులుతాయని మేం వాదించి అలాగే చేశాం.

ఈ దారిలోకి రావాలనుకునే విద్యార్థులు నన్ను ఎక్కువగా పరిశోధన పేపర్ల గురించి అడుగుతారు. నా మొదటి పేపరును మూడు పత్రికలు తిప్పి పంపాయి. ఒక సమీక్షకుడు "పుట్టింటికి వెళ్ళడం" అన్నదాన్ని వలసగా రాయమన్నాడు. అది వలస కాదు, ఆనవాయితీ అని రెండు పేజీల వివరణ రాశాను. నాలుగోచోట అచ్చయింది. దాని గురించి అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

అనుమతి పత్రం గురించి మాత్రం చాలా ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. పిల్లల తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, పార్లమెంటు సంఘం దాకా వెళ్ళింది. ఆ పిల్లల్లో కొందరు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణలో చెప్పినా, ఆ సంతకాల మాట నిజం. ఆ తర్వాత మేం ఏ ఊరికి వెళ్ళినా "మా మీద ప్రయోగం చేయడానికొచ్చారా?" అని నిలదీశారు. అడగాల్సిన ప్రశ్నే. నా దగ్గర చేరే ప్రతి విద్యార్థికీ మొదటి నెల పని ఒకటే: అనుమతి పత్రాన్ని తెలుగులో తనే రాసి, చదువురాని ఒక ఆవిడకు చదివి వినిపించి, ఆమె ఏం అర్థం చేసుకుందో ఆమె మాటల్లో రాసుకురావాలి. మొదటి ప్రయత్నంలో ఎవరిదీ నెగ్గదు.

ఇప్పుడు నా పని ఎక్కువగా సిఫిలిస్, హెపటైటిస్ బి మీద. సిఫిలిస్‌ను గర్భంలో తొలిదశలో పట్టుకుంటే బెంజథీన్ పెన్సిలిన్ సూదితో బిడ్డను కాపాడొచ్చు. హెపటైటిస్ బి పుట్టేటప్పుడే సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని ఆపే మొదటి టీకా 24 గంటల్లోపు పడాలి. ఆదివారం రాత్రి పుట్టిన బిడ్డకు అది పడుతోందా అన్నదే ఇప్పుడు నా ప్రశ్న. క్యూబా 2015లో, థాయ్‌లాండ్ 2016లో, మన పక్కనే ఉన్న శ్రీలంక 2019లో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ సోకకుండా చేయగలిగినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకున్నాయి. మనకు ఆ సత్తా లేక కాదు, ఇంకా చేయలేదు.

పోయిన ఏడాది ఒకమ్మాయి కొడుకును 18 నెలల పరీక్షకు తీసుకొచ్చింది. మిరప కోతలకు వచ్చిన కుటుంబం. ఫారంలో ఆమెకు పుట్టిల్లు, మెట్టినిల్లు, కోతల ఊరు, మూడు చిరునామాలు రాసుకున్నాం. మూడుచోట్లా మావాళ్ళు ఆమెను కలిశారు. పిల్లాడు నా స్టెతస్కోపు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. ఫలితం వచ్చింది, నెగెటివ్. చెప్పగానే ఆమె ఏడవలేదు, నవ్వలేదు. పిల్లాడి ఫైలును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"ఇంక రానక్కర్లేదా డాక్టరమ్మా?"

"వాడు రానక్కర్లేదమ్మా. నువ్వు రావాలి, నెలనెలా, నీ మందుకు."

ఆమె తల ఊపి, బస్సు ఎన్నింటికో గోడ గడియారం చూసుకుని, పిల్లాడి నోట్లోంచి స్టెతస్కోపు తీసి కొంగుతో తుడిచి నాకిచ్చింది.